వంగని పైస్వరం

ఆ ఏడు సిడ్నీలో ఎండలు నవంబరులోనే ముదిరాయి. మా మామయ్య మీరావలి, అంటే మా ఆయన నాయన, అప్పటికి రెండు నెలలుగా మా దగ్గరే ఉన్నాడు. పెండిల్ హిల్ స్టేషనుకు నడిచి వెళ్ళేంత దూరంలో ఎర్ర ఇటుకల అద్దె ఇల్లు మాది. వెనక పెరడు, పెరట్లో గుండ్రంగా తిరిగే బట్టల దండెం. మామయ్య పొద్దున్నే టీ తాగి దాని పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకునేవాడు. నీడ జరిగితే కుర్చీ జరుపుకునేవాడు. మధ్యాహ్నం దాకా ఆయన చేసే పని అదొక్కటే.

ఊళ్ళో ఆయన్ని అట్లా ఎవరూ చూసి ఉండరు. బాపట్ల చుట్టుపక్కల ఎవరింట్లో ముహూర్తం పెట్టుకున్నా, ముందు మీరావలి, బుడేసాహెబ్ అన్నదమ్ముల సన్నాయి మేళం ఖాళీగా ఉందో లేదో కనుక్కునేవాళ్ళు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఊదుతుంటే ఏది ఎవరి ఊపిరో తెలిసేది కాదు. ఆ జూలైలో మా చినమామయ్య బుడేసాహెబ్ పొలం గట్టు మీద కూలబడి మళ్ళీ లేవలేదు. ఆ తరవాత మామయ్య సన్నాయి పెట్టె తెరవలేదు. మా ఆయన రహీమ్ సెలవు పెట్టి వెళ్ళి, ఆరు నెలల వీసా మీద ఆయన్ని వెంటబెట్టుకొచ్చాడు. పెట్టె కూడా వచ్చింది. "వాయించనప్పుడు ఇంతదూరం ఎందుకు నాయనా మొయ్యడం?" అని రహీమ్ అడిగితే, "ఆడ ఒదిలేస్తే ఎవడో ఒకడు ముట్టుకుంటాడు" అన్నాడట. పెట్టె మా అమ్మాయి సమ్రీన్ మంచం కింద చేరింది.

రహీమ్ ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో కాంట్రాక్టు మీద పనిచేసే ప్రోగ్రామరు. రెండువేల సంవత్సరం వస్తే పాత కంప్యూటర్లన్నీ దాన్ని పంతొమ్మిది వందలు అనుకుంటాయని లోకమంతా భయపడుతున్న రోజులు. ఆ లెక్క సరిచేయడానికి మనవాళ్ళు విమానాల నిండా దిగుతున్నారు. రహీమ్ తెల్లారకముందే రైలెక్కి, సమ్రీన్ అన్నం తినేశాక ఇల్లు చేరేవాడు. తీరిక దొరికిన ఆదివారం కూడా నాయన పక్కన కూర్చుంటే ఏం మాట్లాడాలో తెలియనట్టు కారు కడుగుతూ గడిపేవాడు. చిన్నాయన పోయిన సంగతి ఇద్దరి మధ్యా ఒక్కసారి కూడా మాటల్లోకి రాలేదు.

నాకు ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా ఉంది. పెళ్ళికి ముందు గుంటూరులో టీవీలు బాగుచేసే చోట పనిచేశాను. ఇక్కడ ఏ కంపెనీకి వెళ్ళినా లోకల్ ఎక్స్‌పీరియన్స్ ఉందా అని అడిగేవాళ్ళు. ఎవరూ ఉద్యోగం ఇవ్వకపోతే అది ఎక్కణ్ణుంచి వస్తుందో ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. ఉద్యోగం రాలేదు గానీ తెలిసినవాళ్ళ మిక్సీలూ టేప్‌రికార్డర్లూ మాత్రం నా వంటింటి బల్ల మీదికి వస్తూ ఉండేవి.

బాలమురళి కీబోర్డు కూడా అట్లాగే వచ్చింది. అతనిది కాకినాడ. రహీమ్ ఆఫీసులోనే పని. శని, ఆదివారాల్లో తెలుగువాళ్ళ ఫంక్షన్లలో కీబోర్డు వాయిస్తాడు. ఒక శనివారం ఆ పొడుగాటి పెట్టెను భుజాన మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు.

"కుల్సుం గారూ, దీనికేదో అయ్యిందండి. ఈ వీల్ తిప్పి వదిలేస్తే నోట్ మళ్ళీ ప్లేస్‌లోకి సరిగ్గా రావట్లేదు. నా ఇమాజినేషనేమో కూడా తెలీదు. మా డ్రమ్మరేమో 'ఇట్స్ ఫైన్, మేట్' అంటాడు."

ఆ కీబోర్డు సొంతంగా శబ్దాలు పుట్టించేది కాదు. నిజమైన వాద్యాల ధ్వనిని ముందే రికార్డు చేసి ఫ్లాపీలోంచి దాంట్లోకి ఎక్కిస్తారు. మెట్టు నొక్కితే ఆ రికార్డే పలుకుతుంది. ఎడమ పక్కన బొటనవేలితో తిప్పే చక్రం ఒకటుంది. పైకి తిప్పితే స్వరం పైకి వంగుతుంది, కిందికి తిప్పితే కిందికి. వదిలేస్తే స్ప్రింగు లాగి చక్రం మధ్యకు రావాలి, స్వరం తన చోటికి చేరాలి.

బాలమురళి ఒక స్వరం నొక్కి, చక్రం తిప్పి వదిలాడు. నాకు బాగానే ఉన్నట్టనిపించింది. ఇంకోసారి చేశాడు. పెరట్లోంచి మామయ్య గొంతు వినిపించింది.

"అమ్మాయ్, ఆ పెట్టె సుతి దప్పింది. బయల్దేరిన కాడికి రాలా."

బాలమురళి తెల్లబోయి నాకేసి చూశాడు. "అంకుల్‌కి అక్కణ్ణుంచి వినబడిందా?"

"ఏదీ, మళ్ళీ నొక్కు నాయనా," అన్నాడు మామయ్య కుర్చీలోంచి లేవకుండానే. "ఆఁ. వెంట్రుకవాసి పైన ఆగిపోయింది."

సోమవారం సమ్రీన్‌ను బడిలో దింపి వచ్చి కీబోర్డు విప్పాను. చక్రం ఇరుసుకు, రేడియోలో వాల్యూమ్ తిప్పే భాగం లాంటిదే, చిన్నది ఒకటి బిగించి ఉంది. దాంట్లో దుమ్ము చేరింది. పాత గ్రీజు ఎండి బంక కట్టింది. స్ప్రింగు సాగిపోయింది. శుభ్రంగా తుడిచి, స్ప్రింగు కొక్కెం వంచి బిగించాను. చక్రం ఇప్పుడు టక్కున మధ్యకు వస్తోంది. కానీ చక్రానికి మధ్య అయినది స్వరానికి కూడా మధ్య కావాలి కదా. అది సరిచేయడానికి లోపల ఒక చిన్న మర ఉంది. ఎక్కడ ఆపాలో నా చెవికి అందడం లేదు.

"మామయ్యా, ఒకసారి ఇట్లా వస్తారా?"

వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపలికి రాలేదు. "ఏంది పలికేది?"

"ఫ్లూటు."

"సరే, కానీ."

నేను మర తిప్పుతూ మెట్టు నొక్కాను. "కిందికి దించు... ఇంకా... దాటిపోయావమ్మా, ఎనక్కి రా... అంత గాదు, చెయ్యి వణకనీబాక." అట్లా చెబుతూ చెబుతూ ఒక అడుగు, ఇంకో అడుగు వేసి వచ్చి నా పక్కన కుర్చీలో కూర్చున్నాడు. "ఆఁ! అదీ!" అన్నప్పుడు ఆయన ముఖంలో, ఈ దేశంలో దిగిన తరవాత మొదటిసారి, నవ్వులాంటిది కనిపించింది. ఇద్దరం అన్నం సంగతి మరచిపోయాం. సమ్రీన్‌ను తీసుకురావడానికి బయల్దేరుతుంటే ఆయన కూడా చెప్పులేసుకుని వచ్చాడు.

మరునాడు ఆయనే అడిగాడు. "ఇది రెండు మెట్లకు మించి ఒంగదా?"

సెట్టింగుల్లో వెతికి ఆ హద్దు పెంచాను. ఆయన ఒక వేలితో రిషభం నొక్కి, చక్రాన్ని మెల్లగా కదిపి గాంధారం దాకా జార్చాడు. మళ్ళీ దింపాడు. అట్లా ఎంతసేపో. "మెట్లన్నీ కర్రముక్కలే. పేణమంతా ఈ చక్రంలో ఉంది," అన్నాడు.

బాలమురళి కీబోర్డు పట్టుకెళ్ళడానికి వచ్చినప్పుడు ఒక కబురు చెప్పాడు. క్వేకర్స్ హిల్‌లో ఉండే ద్వారకానాథ్ గారి అమ్మాయి లిఖిత పెళ్ళి మాఘమాసంలో, ఇక్కడే. సిడ్నీలో సన్నాయి మేళం ఎక్కడ దొరుకుతుంది? కీబోర్డు మీద సన్నాయి పలికించే బాధ్యత అతనికి అప్పజెప్పారు. "వినండి అంకుల్," అంటూ ఏదో ఫ్లాపీ పెట్టి వాయించాడు.

మామయ్య మర్యాదగా చివరిదాకా విన్నాడు. "ఇది సన్నాయి గాదు బాబూ. పిల్లంగోవికి జలుబు జేసినట్టుంది."

బాలమురళి పగలబడి నవ్వాడు. "కరెక్ట్ అంకుల్! నాకూ తెలుసు. మంచి సౌండ్ దొరికితే మనమే రికార్డు చేసి ఎక్కించొచ్చు. ఒక్క నోట్ చాలు. కాకపోతే పక్కన ఇంకో వాద్యం ఉండకూడదు, డోలు ఉండకూడదు. అట్లాంటిది ఎక్కడ దొరుకుతుంది చెప్పండి?"

మామయ్య ఎవరో, మంచం కింద ఏముందో అతనికి తెలియదు. నేను చెప్పలేదు. చెప్పాల్సింది ఆయన కదా అనుకున్నాను. ఆయన లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

రెండు రోజుల తరవాత నేను చిక్కుళ్ళు ఒలుస్తుంటే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. తనూ నాలుగు కాయలు తీసుకుని ఒలిచాడు.

"మా కేసెట్టు రహీమ్ కాడ ఉందా?"

ఉంది. ఎవరో పెళ్ళివాళ్ళు రికార్డు చేసి ఇచ్చింది. రహీమ్ దాన్ని బట్టల అలమరలో దాచుకున్నాడు గానీ చిన్నాయన పోయాక పెట్టలేదు. టేప్‌రికార్డరులో వేశాను. ఇద్దరూ కలిసి ఆలాపన చేస్తున్నారు. మామయ్య కళ్ళు మూసుకోలేదు, తల ఊపలేదు. చిక్కుడుకాయ చేతిలో అట్లాగే పట్టుకుని ఉన్నాడు.

"ఇప్పుడు చూడు. నేను ఊపిరి తీసుకోటానికి ఆగుతా. వాడొక్కడే పట్టుకోని ఉంటాడు... ఇదిగో. ఇది తీసుకో."

నిజమే. ఒకే ఒక్క షడ్జం. అన్న తిరిగి వచ్చేదాకా తమ్ముడు నిలబెట్టిన స్వరం.

"మామయ్యా, ఇది వద్దనుకుంటే..."

"పెళ్ళికి అడుగుతున్నారుగా," అన్నాడు. కాయ ఒలిచి గిన్నెలో వేశాడు.

సంగతి చెబితే బాలమురళి కీబోర్డు మళ్ళీ తెచ్చి మా దగ్గరే వదిలి వెళ్ళాడు. ఆ స్వరాన్ని దాంట్లోకి ఎక్కించేసరికి రంజాన్ నెల మొదలైంది. ఆస్ట్రేలియాలో ఎండాకాలపు రోజా ఉపవాసం అంటే మాటలు కాదు, పొద్దు ఎప్పటికీ గుంకదు. మామయ్య ఆ పొడుగాటి మధ్యాహ్నాలు నా బల్ల పక్కనే గడిపేవాడు. స్వరంలో నిలకడగా ఉన్న ముక్కను మెషిన్ మళ్ళీ మళ్ళీ చదివేట్టు అమర్చాను. అతుకు వినబడకుండా ఉండటానికి చాలా తంటాలు పడ్డాను. అంతా అయ్యాక ఆయన చేతికిచ్చాను.

ఆయన మెట్టు నొక్కాడు. చినమామయ్య సన్నాయి మా వంటింట్లో పలికింది. మామయ్య వేలు తీయలేదు. స్వరం సాగుతూనే ఉంది.

"ఆగదా?"

"మీరు వేలు తీసేదాకా ఆగదు మామయ్యా."

"వాడికి ఇంత ఊపిరి ఉండుంటే..." అని ఆపేశాడు. వేలు మాత్రం చాలాసేపటికి గానీ తీయలేదు.

సమ్రీన్ బడి నుంచి వచ్చి బల్ల పక్కన నిలబడి ఉంది. దానికి తెలుగు అంతా అర్థమవుతుంది. బదులు మాత్రం ఇంగ్లీషులోనే. "తాతా, ఈజ్ దట్ చిన్నతాత?"

"ఆఁ."

"కెన్ ఐ ప్రెస్ హిమ్?"

ఏమంటోందన్నట్టు మామయ్య నాకేసి చూశాడు. నేను చెప్పాను. "నొక్కు తల్లీ. వాడికేం నెప్పి పుట్టదులే," అన్నాడు.

ఆ సాయంత్రం ఇఫ్తార్‌కు కాస్త ముందు రహీమ్ ఇల్లు చేరేసరికి సమ్రీన్ ఆ మెట్టే నొక్కుతోంది. రహీమ్ బ్యాగు భుజాన ఉండగానే హాల్లో ఆగిపోయాడు. బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. చాలాసేపు పంపు నీళ్ళ చప్పుడు వినబడింది. బయటికొచ్చి ఖర్జూరం తీసుకుని నాయన పక్కన కూర్చున్నాడు. ఆ రోజు మామయ్య తన గిన్నెలో గంజి కొంత కొడుకు గిన్నెలో పోశాడు.

అసలు చిక్కు బాలమురళి వచ్చి వాయించినప్పుడు బయటపడింది. కింది మెట్లమీద స్వరం ఎటు వంచితే అటు వంగుతోంది. పై మెట్లకు వెళ్ళేకొద్దీ కిందికి వంగుతోంది గానీ పైకి వంగటం లేదు. చక్రం తిరుగుతూనే ఉంటుంది, స్వరం మాత్రం గోడకు తగిలినట్టు ఒకచోట ఆగిపోతుంది. చిట్టచివరి మెట్లయితే అసలు కదలనే కదలవు.

"వీల్ మళ్ళీ పోయినట్టుందండి," అన్నాడు బాలమురళి దిగులుగా.

నా పని సరిగ్గా లేదన్నట్టు మనసు చివుక్కుమంది. కానీ పాత ఫ్లూటు ఫ్లాపీ పెట్టి చూస్తే అది పై మెట్లమీద కూడా చక్కగా వంగింది. అంటే చక్రం తప్పు కాదు. మా స్వరంలోనే ఏదో ఉంది. ఒక్కొక్క మెట్టే నొక్కి, ఎక్కడెక్కడ ఆగుతోందో గుర్తుపెట్టుకున్నాను. ఏ మెట్టు నుంచి బయల్దేరినా చివరికి ఆగేది ఒకే ఎత్తు దగ్గర. అప్పుడు అర్థమైంది. మెషిన్ దగ్గరున్నది ఒకే ఒక్క స్వరం. పైస్వరం కావాలంటే దాన్నే గబగబా చదువుతుంది, కింది స్వరానికి నిదానంగా. గబగబా చదవడానికి దానికీ ఒక హద్దుంది. ఆ హద్దు దాటలేదు.

బాలమురళి ఒక ఉపాయం చెప్పాడు. అదే స్వరాన్ని తక్కువ వివరంతో రికార్డు చేస్తే మెషిన్‌కు బరువు తగ్గుతుంది, పైకి పోతుంది. చేశాం. స్వరం పైకి పోయింది కూడా. కానీ ఆ స్వరంలో ఉండే జీర, గాలి ఒరుసుకునే ఆ గరుకు, అంతా పోయింది.

"వాడి గొంతు గాదిది. మూతికి గుడ్డ గట్టినట్టుంది," అన్నాడు మామయ్య.

"పెళ్ళిలో ఎవరికీ తెలీదు లెండి అంకుల్. అందరూ ఫుడ్ కౌంటర్ దగ్గరే ఉంటారు."

నేను ఆ ఫ్లాపీ చెరిపేశాను.

డిసెంబరు ముప్పై ఒకటిన రహీమ్ ఆఫీసులోనే ఉండిపోయాడు. అందరూ హార్బరు దగ్గర బాణసంచా చూస్తుంటే మేం టీవీలో చూశాం. కొత్త సంవత్సరం తెల్లారాక ఇంటికొచ్చి పెరటి మెట్లమీద కూలబడ్డాడు.

"ఏమీ కాలేదు," అన్నాడు. "అన్ని నెలలు చేశాం. ఒక్కటి కూడా ఆగలేదు." ఎందుకో ఆ గొంతులో సంతోషం లేదు.

"ఏమీ గాకుండా చూట్టమే గదరా మీ పని," అన్నాడు మామయ్య. రహీమ్ తలెత్తి నాయన వైపు చూశాడు. ఆ మాట ఆఫీసులో అతనికి ఎవరూ చెప్పి ఉండరు.

రంజాన్ పండగ వెళ్ళింది. పండగ సేమ్యా అయిపోయిన మరునాడో ఆ మరునాడో, సమ్రీన్ సెలవుల్లో హాల్లో బొమ్మలు వేసుకుంటుంటే, నేను మళ్ళీ కీబోర్డు ముందు కూర్చున్నాను. కేసెట్టు మొదటి నుంచి చివరిదాకా విన్నాను. చినమామయ్య ఒంటరిగా పలికిన స్వరం ఇంకొకటి ఎక్కడా లేదు.

"ఏమంటది నీ మెషిను?" అన్నాడు మామయ్య.

హద్దు సంగతి చెప్పాను. పైన మరో స్వరం దొరికితే సగం మెట్లు కింది స్వరంతో, సగం పైస్వరంతో పలికించవచ్చని, అప్పుడు దేనికీ ఊపిరి చాలకపోవడమన్నది ఉండదని చెప్పాను. ఆయన్ని అడగాలన్న ఉద్దేశంతో చెప్పలేదు. నిజంగా నా బుర్రలో ఉన్నది మెషిన్ ఒక్కటే.

"పై స్థాయి వాడెప్పుడూ అందుకోలా," అన్నాడు మామయ్య. "అది నాకొదిలి వాడు కింద కాసుకోనుండేవాడు." లేచి నిలబడ్డాడు. "కిటికీలు మూసెయ్ అమ్మాయ్. ఆ కీచురాళ్ళ గోల పడుద్ది."

నేను కిటికీలు మూశాను. ఫ్యాను ఆపాను. ఆయన సమ్రీన్ గదిలోకి వెళ్ళి, మోకాళ్ళ మీద వంగి, మంచం కింద నుంచి పెట్టె లాగాడు. ఆ చప్పుడు విని సమ్రీన్ పెన్సిలు కింద పెట్టింది. బల్ల దగ్గరికి తెచ్చుకుని ఆయన సన్నాయి తుడిచాడు. నోట్లో పెట్టుకునే పీకను నాలుకతో తడిపి, వేళ్ళతో నొక్కి, మళ్ళీ తడిపాడు. మొదటిసారి ఊదితే గాలి మాత్రమే వచ్చింది. రెండోసారి ఏదో కీచుమంది. సమ్రీన్ నవ్వబోయి నా ముఖం చూసి ఆగింది.

"ఎంత పైన గావాలి?"

మెట్టు నొక్కి చూపించాను. తార షడ్జం.

"గమకం లేకుండానా?"

"అవును మామయ్యా. చక్కగా, కదలకుండా. కదపడం చక్రం పని."

"చక్కగా నిలబెట్టటమే కష్టం," అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు.

ఆ చిన్న వంటిల్లు ఆ స్వరం పట్టలేకపోయింది. అలమర తలుపు సన్నగా అదిరింది. నేను మైకును సన్నాయి ముందు కదలకుండా పట్టుకున్నాను. ఆయన బుగ్గలు నిండి, మెడ నరాలు తేలి, స్వరం ఒక్క వెంట్రుకంత కూడా కదలకుండా నిలిచి ఉంది. నేను ఆపమనేదాకా ఆపలేదు.

"చాలా?"

"చాలు మామయ్యా."

ఆయన సన్నాయి ఒళ్ళో పెట్టుకుని భుజాన ఉన్న తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. కళ్ళు కూడా దాంతోనే తుడుచుకున్నాడు. "ఇంత ఉక్కలో ఎట్టా ఉంటారమ్మా ఈ దేశంలో," అన్నాడు. నేను వెళ్ళి కిటికీలు తెరిచి, మజ్జిగ కలిపి తెచ్చాను.

ఆ మధ్యాహ్నమే రెండు స్వరాలనూ మెట్లమీద పరిచాను. కింది సగం చినమామయ్య, పై సగం మామయ్య. రెండూ కలిసేచోట గొంతు మారినట్టు తెలియకుండా సరిచేయడానికి ఇద్దరం వారం రోజులు కూర్చున్నాం. ఇప్పుడు ఏ మెట్టు నొక్కినా, ఎటు వంచినా, స్వరం వెళ్ళాల్సిన చోటికల్లా వెళ్ళింది.

ఈ సంగతి ఎట్లా పాకిందో, పెళ్ళికూతురి తల్లి శేషుకుమారి గారు పసుపూ కుంకుమా చీరా పట్టుకుని మా ఇంటికే వచ్చేశారు. "బాబాయిగారూ, మీరుండగా మాకు ఆ మెషిన్లెందుకండీ? మీరే వచ్చి వాయించండి. మా అమ్మాయి అదృష్టం అనుకుంటాం."

మామయ్య చేతులు జోడించాడు. "ఒంటి సన్నాయి పెళ్ళికి పనికిరాదమ్మా. పిల్లకు మంచిది గాదు. ఆ అబ్బాయే వాయిస్తాడు. నేనొచ్చి పక్కన కూర్చుంటా."

నిజంగానే పక్కన కూర్చున్నాడు. హాలు నిండా జనం. పట్టుచీరలు, సూట్లు, పరుగెత్తే పిల్లలు. బాలమురళి గౌరీపూజ దగ్గర మొదలుపెట్టాడు. స్వరం బాగుంది గానీ, చక్రం తిప్పినప్పుడల్లా రాగం లిఫ్టు ఎక్కి దిగినట్టుగా ఉంది. అతనికీ తెలుస్తోంది, చెవులు ఎర్రబడ్డాయి. మామయ్య కాసేపు ఓర్చుకున్నాడు. తరవాత కుర్చీ దగ్గరికి జరుపుకుని అతని ఎడమచేతిని మెల్లగా పక్కకు తీశాడు.

"నువ్వు మెట్లు నొక్కు నాయనా. చక్రం నాకొదిలెయ్."

మొదట్లో ఇద్దరికీ కుదరలేదు. ఒకసారి మామయ్య ముందు పోయాడు, ఒకసారి బాలమురళి. ఆ తరవాత మామయ్య పెదవులు కదుపుతూ రాబోయే స్వరం ముందే చెప్పడం మొదలుపెట్టాడు. బాలమురళి ఆయన నోటికేసి చూస్తూ నొక్కుకుంటూ పోయాడు. రాగం లేచి నిలబడింది. కింది స్వరాలు పలికినంతసేపూ మామయ్య మామూలుగా కూర్చున్నాడు. పైస్వరాలకు రాగానే ఆయన బుగ్గలు వాటంతటవే ఉబ్బేవి. నోటి దగ్గర ఏమీ లేదు. నా పక్కన కూర్చున్న రహీమ్ అది చూసి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

ముందు వరసలో కూర్చున్న ఒక ముసలావిడ, పెళ్ళికొడుకు నాయనమ్మ అనుకుంటా, మెడ సాచి వెతుకుతోంది. "మేళగాళ్ళు ఎక్కడ కూర్చున్నారే? కనబడరేం?" అని అడిగింది పక్కావిణ్ణి. తాళి కడుతున్నప్పుడు ఫుడ్ కౌంటర్ దగ్గర ఎవరూ లేరు.

పెళ్ళి తరవాత బాలమురళి ఆ కీబోర్డును ఏదో పనిమీద పారమట్టాలో వాద్యాలు రిపేరు చేసే కొట్టుకు తీసుకెళ్ళాడు. కొట్టాయన చక్రం విప్పి చూసి, ఇది ఎవరు చేశారని అడిగాడట. నన్ను వారంలో మూడు రోజులు పనికి రమ్మన్నాడు. లోకల్ ఎక్స్‌పీరియన్స్ సంగతి అడగలేదు. అప్పుడు మొదలుపెట్టిన పని నేను ఇప్పటికీ చేస్తున్నాను. రహీమ్ కాంట్రాక్టు ఫిబ్రవరితో ముగిసింది. కంప్యూటర్లు ఆగలేదు గనక ఇక ఆ మనుషుల అవసరం తీరిపోయింది. మళ్ళీ అతనికి ఉద్యోగం దొరికేసరికి చలికాలం వచ్చింది. ఆ నాలుగు నెలలూ వంట అతనిది, బల్ల నాది.

మామయ్య ప్రయాణం మార్చి మొదటి వారంలో. అంతకు కొద్ది రోజుల ముందు నాకు పని లేని ఒక మధ్యాహ్నం, ఆయన పెరట్లో ఉంటే అడిగాను. "కీబోర్డు బాలమురళి ఇక్కడే ఉంచాడు మామయ్యా. ఫ్లాపీ పెట్టమంటారా? కాసేపు వాయించుకుంటారేమో."

ఆయన తువ్వాలు భుజాన సర్దుకున్నాడు.

"వద్దులేమ్మా. బాగా అలిసిపోయుంటాడు. వాణ్ణి పడుకోనీ."

లేచి లోపలికెళ్ళి తన పెట్టె తెచ్చుకున్నాడు. దండెం పక్కన కుర్చీలో కూర్చుని సన్నాయి అందుకున్నాడు. పక్కన ఎవరూ లేకుండా ఆయన వాయించగా నేను వినడం అదే మొదలు. ఊపిరి కోసం ఆగినప్పుడల్లా రాగం ఆగేది. ఆ ఖాళీని ఆయన దాచడానికి చూడలేదు. ఆగి, ఊపిరి తీసుకుని, వదిలిన చోటే అందుకునేవాడు. పక్కింటి ముసలాయన కంచె మీద చేతులు ఆనించి నిలబడ్డాడు.

సందు వైపు గేటు దగ్గర రహీమ్ కనిపించాడు. మిట్టమధ్యాహ్నం. టై విప్పి జేబులో కుక్కుకున్నాడు. చేతిలో ఒక అట్టపెట్టె, అందులో అతని కప్పు, సమ్రీన్ ఫొటో. నాకు విషయం అర్థమైంది. నేను లేవబోతే వద్దని తల ఊపి, ఆలాపన అయ్యేదాకా గేటు అవతలే నిలబడ్డాడు.

మామయ్య సన్నాయి దించి చూశాడు. "ఏరా, ఇయ్యాల పెందలాడే వచ్చావే?"

"పనైపోయింది నాయనా."

మామయ్య ఆ అట్టపెట్టె కేసి చూశాడు. కొడుకు ముఖం చూశాడు. "సరే, రా. కూర్చో."

రహీమ్ అట్టపెట్టెను పెరటి మెట్టు మీద పెట్టి, నాయన వెనక గడ్డిలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మామయ్య పీక తడుపుకుని మళ్ళీ ఎత్తుకున్నాడు. ఈసారి ఆయన ఊపిరి కోసం ఆగినప్పుడు రాగం తెగలేదు. రహీమ్ నోరు మూసుకుని, ముక్కుతో సన్నగా సుతి పట్టుకుని ఉన్నాడు. అతనికి ఆ విద్య వచ్చని అన్నేళ్ళ కాపురంలో నాకు తెలియదు. మామయ్య వెనక్కి తిరిగి చూడలేదు. కుర్చీని మాత్రం కొంచెం పక్కకు జరిపాడు, కొడుకు మీద కూడా నీడ పడేట్టు.